కాలు విరిగిన నాలుగు

రామకృష్ణాపూర్,
ఆగస్టు 10.

కొమురెల్లి కాకకు,

మమత నమస్కారం. నీకు ఫోనులో మాట వినబడటం లేదని మా అవ్వ, నీ వదిన, చెప్పింది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. బడిలో పిల్లలకు ఉత్తరం రాయడం నేర్పుతాను గానీ, నేను ఒకటి రాసి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు.

నాన్న పోయి ఆరు నెలలయింది. పోయిన ఆదివారం అవ్వ, నేను ఆయన ట్రంకుపెట్టె తీశాము. అడుగున, పాత డ్యూటీ ప్యాంటులో చుట్టి, ఆ శిలువ బిళ్ల ఉంది. ఎప్పుడో పారేశాడనుకున్నాను. ఇన్నేళ్ళూ ఇంట్లోనే ఉంది.

సంగతి నీకు తెలిసిందే. అయినా నేను చిన్నప్పటి నుంచి విన్నది రాస్తాను, తప్పుంటే దిద్దు. నాన్న గోదావరిఖనిలో కంపెనీ గెస్ట్‌హౌస్ వంటవాడు. బొగ్గుబాయిలో కొత్త యంత్రం బిగించడానికి జర్మనీ నుంచి బ్రెమర్ దొర వచ్చి ఏడాది ఉన్నాడు. ఆయన దగ్గర వాళ్ళ తాతకు 1914 యుద్ధంలో ఇచ్చిన ఇనుప శిలువ ఉండేది. వెళ్ళిపోయే రోజు అది కనబడలేదు. రైలుకు వేళయిందని వెతకకుండానే వెళ్ళాడు. నెల తర్వాత అలాంటి శిలువనే ఎర్ర రిబ్బనుకు కట్టి, మెడలో వేసుకుని నేను బడికి పోయాను. ఒకటో తరగతిలో ఉన్నాను. మా పంతులమ్మ చూసింది, ఇంకెవరో చూశారు, సాయంత్రానికి కాలనీ అంతా తెలిసింది.

ఫిర్యాదు లేదు, కాగితం లేదు. గెస్ట్‌హౌస్ నుంచి తీసి నాన్నను బాయిలోకి, బొగ్గు నింపే పనికి పంపారు. పేరు మాత్రం మిగిలింది. బిళ్ల దొంగ. మేము రామకృష్ణాపూర్ వచ్చినా ఆ పేరు మా కంటే ముందే వచ్చింది. "అది నకిలీది" అని నాన్న ఒక్కసారి అన్నాడట. "నకిలీదయితె ఎవడు జేసిండో చెప్పు" అని అడిగారట. దానికి జవాబు చెప్పలేదట.

పెట్టెలో బ్రెమర్ దొర చిరునామా కార్డు కూడా దొరికింది. ఆ ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని ఒక చిన్న ఉత్తరం, బిళ్ల ఫొటో, నా మెయిల్ చిరునామా పంపాను. జవాబు వస్తే బిళ్లను, దానితో పాటు నాన్న తరఫున క్షమాపణను పంపాలని నా ఆలోచన. అవ్వకు ఇష్టం లేదు. "సచ్చినోని తరుపున నువ్వు దొర కాళ్ళు మొక్కుతవానే?" అన్నది.

జర్మనీ పతకాల సంగతి ఖనిలో నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని, హైదరాబాదు నుంచి కూడా నిన్ను అడుగుతారని అంటారు. ఇది అసలుదేనా కాకా? ఎంత అరుదైనది? అమ్మడానికి కాదు. నాన్న ఎంత పెద్ద తప్పు చేశాడో తెలిస్తే, క్షమాపణ ఆ కొలతతో రాద్దామని.

నీ బిడ్డ,
మమత.


గోదావరిఖని,
ఆగస్టు 17.

చిరంజీవి మమతకు,

కొమురెల్లి ఆశీస్సులు. నీ ఉత్తరం 14న అందింది. వదిన షుగరు ఎట్లున్నదో రాయలేదు. రాయి.

నాకు తెలిసింది తక్కువ. ఇలాంటి శిలువలు చేత్తో పట్టుకుని చూసినవి పదకొండు. మిగతాది పుస్తకాల్లో చదివింది.

ముందు అరుదు సంగతి. పైన ఉంగరం ఉండి, రిబ్బనుకు వేలాడేది రెండో తరగతి శిలువ. మొదటి తరగతి దానికి ఉంగరం ఉండదు, వెనక పిన్ను ఉంటుంది. రెండో తరగతివి ఆ ఒక్క యుద్ధంలోనే యాభై లక్షలకు పైగా ఇచ్చారని పుస్తకాల్లో ఉంది. కాబట్టి అసలుదే అయినా అది అరుదైన వస్తువు కాదు. పొందిన మనిషి పేరు తెలిసి, కాగితం జతగా ఉంటే ఆ ఇంటివాళ్ళకు అరుదు.

అసలుదా కాదా అన్నది ఇంట్లోనే చూడవచ్చు. అసలు శిలువ ఒకే ముక్క కాదు, మూడు. నడుమ నల్లరంగు వేసిన ఇనుప ముక్క. దానికి అటూ ఇటూ రెండు వెండి చట్రాలు పెట్టి అంచున అతికిస్తారు. పక్క నుంచి కిటికీ వెలుగులో తిప్పితే సన్నని అతుకుగీత కనబడాలి. నడుమది ఇనుము గనుక అయస్కాంతానికి అంటుకోవాలి. ఫ్రిజ్ మీద బొమ్మలకు ఉండే అయస్కాంతం చాలదు, పాత స్పీకరులోది తీసుకో. బరువు పదిహేడు నుంచి ఇరవై గ్రాముల లోపు ఉండాలి. చట్రం లోపలి అంచున గింజల వరస ఉంటుంది. అసలు దానిలో గింజ గింజ విడిగా తెలుస్తుంది. అచ్చులో పోసిన దానిలో మొద్దుబారి, గాలిబుడగల గుంటలు ఉంటాయి.

ఉంగరం మీద చేసినవాళ్ళ గుర్తు ఉంటుంది. అక్షరమో, అంకెయో. చాలా చిన్నది. అందరూ దాన్ని ఆఖరున చూస్తారు. ముందే చూడాలి. భూతద్దం లేకుండా చూడవద్దు.

మెరుగు పెట్టే బ్రాసో రాసి తోమవద్దు. నల్లదనం పోతే మళ్ళీ రాదు.

తప్పు కొలత గురించి అడిగావు. ఆ విద్య నాకు రాదు.

జర్మనీకి ఇప్పుడే ఏమీ పంపకు.

కొమురెల్లి.


రామకృష్ణాపూర్,
ఆగస్టు 26.

కాకా,

అవ్వ షుగరు అదుపులోనే ఉంది. నోరే అదుపులో లేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. పాత టేపురికార్డరు విప్పి స్పీకరు అయస్కాంతం తీశాను. బిళ్ల దానికి అంటుకోలేదు. వేలితో తోస్తే జారిపోయింది. అతుకుగీత లేదు. తూకానికి కంసాలి దుకాణానికి తీసుకుపోయాను. ఇరవై ఏడు గ్రాములు. కంసాలి దాన్ని గోరుతో గీకాడు, అంచును తెల్లకాగితం మీద రాశాడు. పెన్సిల్ గీసినట్టు బూడిదరంగు గీత పడింది.

"మమతక్కా, ఇది దొర బిళ్ల గాదు. గోదారిల వలకు గడతరు చూడు గుండు, గా సీసం. నాలుగు గట్టుకొని పోతె మంచి చేపలు వడతయి" అన్నాడు.

నేను సంతోషంగా ఇంటికి వచ్చాను కాకా. నాన్న నకిలీది అన్నాడు, నకిలీదే అయింది. అవ్వకు చెప్పాను. అవ్వ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "అంటె అసలుది అమ్ముకొని, గిది ఇంట్ల వెట్టిండన్నట్టు" అన్నది.

నాకు ఆ ఆలోచనే రాలేదు. పక్కింటి పోశవ్వ పెద్దమ్మ అక్కడే ఉంది. "అమ్ముకుంటె ఆ పైసలేవి మరి? నీ మెడల పుస్తె తప్ప ఇంక గురిగింజంత బంగారం ఉన్నదా?" అంది. "తాగిండు" అంది అవ్వ. "రఘుపతి తాగుడా? కల్లు వాసనకే కక్కేటోడు" అంది పోశవ్వ. ఇద్దరూ కొట్లాడుకున్నారు.

కానీ అవ్వ మాట నన్ను వదలడం లేదు. అసలుదాన్ని చూసి నకలు చేయించాడంటే అసలుది ఆయన చేతిలో ఉన్నట్టే కదా. ఎంతసేపు ఉంది, ఏమయింది? నకిలీది దొరికాక నాన్న చిన్నదొంగ కాస్తా పెద్దదొంగ అయ్యాడు. క్షమాపణలో ఇప్పుడు అది కూడా రాయాలి.

ఉంగరం మీద ఒక అంకె ఉంది. నాలుగు అనుకుంటా. భూతద్దం మా బడి ప్రయోగశాలలో ఉంది. సోమవారం చూసి రాస్తాను.

మమత.


గోదావరిఖని,
ఆగస్టు 31.

మమతకు,

ఉత్తరం అందింది. మీ నాన్న దేన్నీ అమ్మలేదు. వదినకు ఆ మాట చెప్పు.

భూతద్దం పెట్టి చూడనవసరం లేదు. బిళ్లను గుడ్డలో చుట్టి రిజిస్టర్డు పార్సిల్లో నాకు పంపు. నేను చూసి రాస్తాను.

జర్మనీకి ఉత్తరం పంపవద్దు.

కొమురెల్లి.


రామకృష్ణాపూర్,
సెప్టెంబరు 9.

కాకా,

గుర్తు ముందే చూడాలని నువ్వే రాశావు. చూడనవసరం లేదని మళ్ళీ నువ్వే రాశావు. నీ రెండో ఉత్తరం వచ్చేలోపే చూసేశాను.

నాలుగే. కానీ సరిగ్గా పడలేదు. అడ్డగీత వరకే ఉంది, దాని కింద ఉండాల్సిన కాలు లేదు. నొక్కేటప్పుడు తప్పిందేమో అనుకున్నాను. ఆ కాలులేని నాలుగును నేను ఇంకెక్కడో చూశాననిపించింది. రెండు రోజులు గుర్తు రాలేదు. మూడో రోజు ఎనిమిదో తరగతి పిల్లల హాజరు పిలుస్తుంటే తట్టింది.

నాన్న దగ్గర ఆయన ఇత్తడి టోకెను ఉండేది. బాయిలోకి దిగే ముందు ల్యాంప్ రూంలో ఇచ్చి తలదీపం తీసుకునే టోకెను. దాన్నీ మీరంతా బిళ్ల అనే అనేవాళ్ళు. కొత్తవి ఇచ్చినప్పుడు పాతది ఆయన దగ్గరే ఉండిపోయింది, తాళంచెవులకు కట్టుకున్నాడు. ఆయన నంబరు 644. రెండు నాలుగులున్నాయి. రెండిటికీ అడ్డగీత కింద కాలు లేదు.

రెండు బిళ్లలనూ పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూశాను. విరిగిన చోట కుడివైపు చిన్న మొన ఉంది. మూడు నాలుగుల్లోనూ అదే మొన.

టోకెన్ల మీద అంకెలు కొట్టేది ఎవరు కాకా?

"మీ నాన్న దేన్నీ అమ్మలేదు" అని రాశావు. అనుకుంటున్నాను అనలేదు, లేదు అని రాశావు. నీకెలా తెలుసు?

బిళ్లను పంపడం లేదు. నా దగ్గరే ఉంటుంది.

నేను ఏ రోజు దాన్ని వేసుకుని బడికి పోయానో ఆ రోజు నుంచి మా అవ్వా నాన్నా ఒకరి కళ్ళలోకి ఒకరు చూసి మాట్లాడుకోవడం నేను చూడలేదు. నా మెడలో ఉన్నది చూసే కదా ఊరు అన్నది. నాకు ఆరేళ్ళని నన్ను ఎవరూ ఏమీ అనలేదు. నేను మాత్రం అనుకుంటూనే ఉన్నాను.

జవాబు రాయి.

మమత.


గోదావరిఖని,
సెప్టెంబరు 21.

మమతకు,

నేనే.

టోకెన్ల మీద అంకెలు కొట్టింది నేను. నాలుగంకె అచ్చు నా చేతిలోంచే కింద పడి విరిగింది. కొత్తది వచ్చేదాకా దానితోనే కొట్టాను. కొత్తది ఆరేళ్ళకు వచ్చింది. ఆ శిలువను చేసింది కూడా నేనే. వారం రోజులుగా ఈ ఉత్తరం రాస్తున్నాను. వరసగా చెబుతాను.

1988లో నాకు ఇరవై ఆరేళ్ళు. ల్యాంప్ రూంలో చేరి రెండేళ్ళు, ఇంకా పర్మినెంటు కాలేదు. బ్రెమర్ దొర శిలువకు పైన ఉంగరం ఊడింది. ఎవరితోనైనా అతికించమని రఘుపతి అన్నకు ఇచ్చాడు. అన్న నాకు తెచ్చి ఇచ్చాడు. చిన్న అతుకుపనులు నేను చేస్తానని ఆయనకు తెలుసు. అతకడం పావుగంట పని. నేను రెండు రోజులు ఉంచుకున్నాను.

అలాంటి పనితనం నేను అంతకు ముందు చూడలేదు. నా చేతికి వస్తుందా అని చూడాలనిపించింది. వర్క్‌షాపులో పోత పోసేవాళ్ళ దగ్గర నల్ల ఇసుక తెచ్చి, రెండు డబ్బా మూతల్లో నింపి, శిలువను ఒత్తి రెండు వైపులా అచ్చు తీశాను. పాడైన తలదీపాల బ్యాటరీల్లో సీసం పలకలుంటాయి. వాటిని బొగ్గుపొయ్యి మీద గరిటెలో కరిగించి పోశాను. మొదటిది చెడింది. రెండోది కుదిరింది. నడుమ బోర్డుల నల్లరంగు, అంచుకు గేట్లకు వేసే వెండిరంగు వేశాను. అసలు ఉంగరం మీద ఏవో అక్షరాలున్నాయి. నా దగ్గర అంకెల అచ్చులే ఉన్నాయి. ఏదో ఒకటి ఉండాలని చేతికి అందింది కొట్టాను. నాలుగు అందింది.

రోజూ రాసుకునే పుస్తకంలో ఆ రోజు "సీసం కరిగించాను" అని మాత్రమే ఉంది.

రెండిటినీ అన్నకు చూపించాను. ఆయన నవ్వి, "అరె, దొర తాత యుద్ధం రెండుసార్లు జేసినట్టున్నదిరా" అన్నాడు. అసలుదాన్ని నా ముందే దొర చేతికి ఇచ్చాడు. దొర ఉంగరాన్ని లాగి చూసి, నా భుజం తట్టి, జేబులో వేసుకున్నాడు. నకలును నేను కరిగించేద్దామనుకున్నాను. "కరగవెట్టుడెందుకు, నా బిడ్డ ఆడుకుంటది, ఇయ్యి" అన్నాడు. ఇచ్చాను. కాబట్టి నువ్వు మెడలో వేసుకున్నది మీ నాన్న దాచిపెట్టిన వస్తువు కాదు. నీకు ఆడుకోవడానికి తెచ్చిన బొమ్మ. ఇందులో నీ తప్పు ఏమీ లేదు.

తర్వాత జరిగింది నీకు తెలుసు. అన్నను పిలిచి అడిగారు. నకిలీదన్నాడు. ఎవరు చేశారన్నారు. నా పేరు చెప్పలేదు. చెబితే నా ఉద్యోగం పోయేది. కంపెనీ సీసం, కంపెనీ అచ్చులు, పైగా దొర వస్తువుకు నకలు. ఆయన బాయిలోకి దిగాడు. ఆయన టోకెను మీద 644 నేనే కొట్టి ఇచ్చాను.

మరుసటి ఏడాది హైదరాబాదులో ఫుట్‌పాత్ మీద పాత పతకాల పుస్తకం ఒకటి దొరికింది. ఇంగ్లీషులో ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఇది సీసం, ఇది దొర శిలువ కాదు అని ఎవరి ముందైనా రుజువుతో చెప్పగలగాలని మొదలుపెట్టాను. మూడేళ్ళకు అంత తెలిసింది. చెప్పలేదు. ఇంకా పుస్తకాలు కొన్నాను.

దొర శిలువ తర్వాత ఏమయిందో నాకు తెలియదు.

కొమురెల్లి.


రామకృష్ణాపూర్,
జనవరి 11.

కొమురెల్లి గారికి,

మీ ఉత్తరం అందిన మూడున్నర నెలలకు జవాబు రాస్తున్నాను. ముందు రాయగలిగి ఉంటే బాగుండని మాటలు రాసేదాన్ని.

క్షమాపణ ఉత్తరం చింపేశాను. మొన్న జర్మనీ నుంచి మెయిల్ వచ్చింది. ఆ ఇంట్లో ఇప్పుడు బ్రెమర్ గారి కూతురు ఉల్రికే ఉంటున్నది. ఆమె రాసింది మీకు తెలుగులో రాస్తున్నాను:

"శిలువ మా ఇంట్లోనే ఉంది. ఇండియాలో పోయిందనే నాన్న అనుకున్నారు. ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు చలికోటు అస్తరు చిరిగిన చోట దొరికింది. జేబుకు చిల్లి ఉండేది. ఉంగరాన్ని అక్కడి మనిషి ఒకాయన అతికించాడని, అది ఇంకా గట్టిగా ఉందని నాన్న చెప్పేవారు. మీరు ఫొటో పంపింది ఏమిటో నాకు అర్థం కాలేదు."

ఫొటో కూడా పంపింది. మీరు చెప్పినట్టే గింజ గింజ విడిగా తెలుస్తున్నది.

ఏ వస్తువూ ఎక్కడా పోలేదు. ఎవరూ ఏదీ తీయలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం మా నాన్న సంవత్సరీకం. ఖని నుంచి, మందమర్రి నుంచి ఆయనతో పనిచేసినవాళ్ళు వస్తారు. మీరు నాకు రాసింది నేనొక్కదాన్నే చదివాను. బిళ్ల దొంగ అన్నవాళ్ళు మా ఇంటికి ఉత్తరాలు చదవడానికి రారు. మీరు వచ్చి వాళ్ళ ముందర చెప్పండి. మీకు వినబడదని తెలుసు. మాట్లాడటం వచ్చు కదా.

అవ్వకు నేను ఏమీ చెప్పలేదు. అందరితో పాటే వింటుంది.

మమత.


గోదావరిఖని,
జనవరి 16.

మమతకు,

వస్తాను. పదకొండు లోపు చేరతాను.

కొమురెల్లి.


రామకృష్ణాపూర్,
ఫిబ్రవరి 10.

కొమురెల్లి గారికి,

మీరు చెప్పవలసింది చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. భోజనానికి కూడా ఉండలేదు. మీ వెనక ఏమన్నారో మీకు వినబడి ఉండదు. తెలియాలి కనుక రాస్తున్నాను. తగ్గించలేదు, కలపలేదు.

మీరు జేబులోంచి చాకు తీసి బిళ్ల అంచు గీకి, లోపలి తెల్లదనం చూపించినప్పుడు అందరూ ముందుకు వంగి చూశారు. మీరు గేటు దాటాక ముందు నోరు తెరిచింది సదానందం మామ. నాన్నతో ఒకే షిఫ్టులో బొగ్గు నింపినాయన, మీకు తెలుసు. "గీ ముచ్చట గప్పుడే చెప్తె గింత సీసం దొంగతనంతోని పోతుండె గదరా!" అన్నాడు.

"పేరు వెట్టిందే నువ్వు, ఇయ్యాల నీతులు చెప్తున్నవా?" అంది పోశవ్వ పెద్దమ్మ.

"నేనొక్కసారే అన్న. మీరందరు పట్టుకున్నరు."

"ఒక్కసారా? నా వాకిట్లకెళ్ళి పోయినప్పుడల్ల అంటివి. దమ్ముంటె ఇప్పుడను. గా ఫొటో ముందట నిలవడి అను, ఇంట."

సదానందం మామ నిజంగానే లేచి ఫొటో ముందు నిలబడ్డాడు. "తప్పయింది రఘన్నా, మాఫ్ చెయ్యి" అన్నాడు. తర్వాత కూచుని భోంచేశాడు. మాంసం రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. "ఏడ్చుకుంట గింత తింటె, నవ్వుకుంట ఎంత తింటవురా" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది.

మిమ్మల్ని తిట్టినవాళ్ళు ముగ్గురు. ఆ మాటలు రాయను, మీరు ఊహించగలిగినవే. "వచ్చి చెప్పిండు, గదన్న జేసిండు" అన్నవాళ్ళు ఇద్దరు. మిగిలినవాళ్ళు వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందన్నారు.

అవ్వ అందరూ వెళ్ళాక గిన్నెలు తోముతూ అన్నది, మీ మీద కాదు, నాన్న మీద. "గప్పటి సంది ముప్పై ఏడేండ్లు ఒక్క కప్పు కింద ఉన్నం. నాకు చెప్పక ఆ ల్యాంప్ రూమోనికి కావలి ఉన్నడా? కోపమొచ్చినప్పుడల్ల నేను సుత దొంగ అనే అంటిని గదనే. అన్నప్పుడల్ల నా మొఖం దిక్కు సూసి ఊకునేటోడు. సిగ్గువడి ఊకున్నడనుకున్న."

ఆ రాత్రి తినలేదు. నిన్నా సరిగ్గా తినలేదు. ఈ రోజు పొద్దున నన్ను కాగితం తీయమంది. కింది మాటలు అవ్వవి. చెప్పింది చెప్పినట్టు రాశాను.

"కొమురెల్లీ, నీ కొలువు పోతదని ఆయన ఊరోళ్ళకు చెప్పలే, మంచిదే. నాకెందుకు చెప్పలే? నేను బాయిదొర కాడికి పోయి చెప్పుదునా? నా మీద గంత గూడ నమ్మకం లేకుండెనా మా ఆయనకు? గిది తెలువక నాకు అన్నం సయిస్తలేదు. నీకెరుకుంటె రాయి. ఎరుక లేకుంటె లేదని రాయి. కథలు వద్దు."

మమత.


గోదావరిఖని,
ఫిబ్రవరి 15.

సమ్మవ్వ వదినకు,

కొమురెల్లి నమస్కారం. మమత చదివి వినిపించాలి.

ఎరుకే. మమతకు రాసిన ఉత్తరంలో ఇది రాయలేదు. మొన్న మీ ఇంట్లో పదిమంది ముందర కూడా చెప్పలేదు.

అన్నను పిలిచి అడిగిన రోజు, మధ్యాహ్నం షిఫ్టుకు ముందు నేను మీ క్వార్టరుకు వచ్చాను. నువ్వు నల్లా కాడికి నీళ్ళకు పోయినవు. మమత అరుగు మీద అన్నం తింటున్నది. నేను అన్న రెండు చేతులు పట్టుకున్నాను. "నా పేరు చెప్పకన్నా" అన్నాను. "చెప్పనురా, ఫికర్ జేయకు" అన్నాడు. నాకు ధైర్యం చాలలేదు. "వదినకు సుత చెప్పకు. బిడ్డ మీద ఒట్టు వెయ్యి" అన్నాను.

ఆయన, "వదినకు చెప్పకుంటె ఎట్లరా" అన్నాడు. నేను చేతులు వదలలేదు. మమతను దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. పిల్లకు అర్థం కాలేదు, ముద్ద నోట్లో ఉంది.

నీ మీద నమ్మకం లేక కాదు. బిడ్డ తల మీద ఒట్టు తప్పలేక చెప్పలేదు.

పర్మినెంటు అయ్యేదాకానే అని నేను అడిగాను. 1990 మార్చి 19న కాగితం వచ్చింది. మిఠాయి తీసుకుని మీ ఇంటికి వచ్చాను. నువ్వు లోపల చాయ పెడుతున్నావు. అన్న వంటింటి దిక్కు చూసి, మెల్లగా, "ఇగ ఆ ఒట్టు తీసి గట్టు మీద వెడుదామారా?" అన్నాడు.

"సరే అన్నా" అంటే అయిపోయేది. నేను క్వార్టరు ఎప్పుడిస్తారో అని వేరే మాట ఎత్తాను.

ఆయన మళ్ళీ అడగలేదు.

కొమురెల్లి.